యూర్గెన్ హింగ్‌సెన్‌ను సియోల్‌తో కొలవకూడదు

పశ్చిమ జర్మనీకి చెందిన డెకాథ్లాన్ క్రీడాకారుడు యూర్గెన్ హింగ్‌సెన్ పేరు ఎత్తగానే, అథ్లెటిక్స్ చరిత్ర కొంత తెలిసినవాళ్లు రెండు సంగతులు చెబుతారు. బ్రిటన్ క్రీడాకారుడు డేలీ థాంప్సన్ మీద పెద్ద పోటీల్లో ఒక్కసారి కూడా గెలవలేకపోయాడన్నది మొదటిది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో, డెకాథ్లాన్‌లోని మొట్టమొదటి అంశమైన 100 మీటర్ల పరుగులో మూడుసార్లు తుపాకీ మోగకముందే కదిలి, ఏ అంశంలోనూ ఒక్క పాయింటు కూడా సంపాదించకుండానే అనర్హుడై బయటికి వెళ్లిపోయాడన్నది రెండోది. రెండూ నిజాలే. అయితే ఈ రెండు నిజాలను మాత్రమే పక్కపక్కన పెట్టి, వాటి మధ్యనున్న ఆరేడేళ్ల శ్రమను, మూడు ప్రపంచ రికార్డులను, తన దేశంలో 39 ఏళ్లపాటు ఎవరూ దాటలేకపోయిన ఒక స్కోరును అడుగున పడేసే పద్ధతి నాకు ఏమాత్రం న్యాయంగా తోచదు. హింగ్‌సెన్‌ది విఫలమైన క్రీడాజీవితం కాదని, డెకాథ్లాన్ తనకు తాను పెట్టుకున్న కొలతతో చూస్తే అది ఆ క్రీడలో అతి గొప్ప జీవితాల్లో ఒకటని ఈ వ్యాసంలో వాదించదలచుకున్నాను.

ఆ కొలత ఏమిటో ముందు చెప్పాలి. డెకాథ్లాన్ రెండు రోజుల పోటీ. మొదటి రోజు 100 మీటర్ల పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్, హైజంప్, 400 మీటర్ల పరుగు. రెండో రోజు 110 మీటర్ల హర్డిల్స్, డిస్కస్ త్రో, పోల్‌వాల్ట్, జావెలిన్ త్రో, చివరగా 1500 మీటర్ల పరుగు. ఒక్కో అంశంలో ఎవరు ముందొచ్చారన్నదానితో నిమిత్తం లేదు. పరిగెత్తిన కాలాన్ని, దూకిన ఎత్తును, విసిరిన దూరాన్ని ఒక పట్టిక ప్రకారం పాయింట్లుగా మారుస్తారు. 7.76 మీటర్ల లాంగ్ జంప్‌కు సరిగ్గా 1000 పాయింట్లు. 5 మీటర్ల పోల్‌వాల్ట్‌కు 910. పది అంశాల మొత్తమే ఫలితం. మన తెలుగు పాఠకుల్లో చాలామందికి ఈ పాయింట్ల పోటీలు పరిచయమైంది 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లోనే అనుకుంటాను. తెలంగాణ అమ్మాయి నందిని అగసర ఏడు అంశాల హెప్టాథ్లాన్‌లో 5712 పాయింట్లతో కాంస్యం గెలిచింది అక్కడే. పురుషుల డెకాథ్లాన్‌లో తేజస్విన్ శంకర్ 7666 పాయింట్లతో రజతం గెలిచిందీ అక్కడే. ఆ 7666ను మనసులో ఉంచుకుంటే, నలభై ఏళ్ల కిందట హింగ్‌సెన్ 8800 దాటడం ఎంతటి పనో అంచనాకు అందుతుంది. పాయింట్ల పట్టిక 1985లో మారింది. కాబట్టి ప్రత్యేకంగా చెప్పని చోటల్లా నేను వాడుతున్నది నేటి పట్టిక లెక్కే.

హింగ్‌సెన్ 1958 జనవరి 25న డూయిస్‌బర్గ్‌లో పుట్టాడు. రెండు మీటర్ల పొడవు, 100 కిలోలు దాటిన బరువు. అంత పెద్ద శరీరం విసిరే అంశాల్లో తోడ్పడుతుంది. హైజంప్‌లో పొడవు కలిసొస్తుంది. అయితే అదే శరీరాన్ని పోల్‌వాల్ట్‌లో గడతో పైకి లేపాలి, అదే బరువును 1500 మీటర్లు మోసుకుపోవాలి. ఆ చివరి పరుగులో భారీ శరీరాలు కుంగిపోవడం డెకాథ్లాన్ చూసేవాళ్లకు అలవాటైన దృశ్యం. హింగ్‌సెన్ మాత్రం ఆ పరుగును 4 నిమిషాల 20 సెకన్ల లోపు ముగించగలిగేవాడు. అతణ్ణి కండల మనిషిగా, అందగాడుగా, పత్రికల ముఖచిత్రాలకు పనికొచ్చేవాడుగా వర్ణించిన రాతలు ఎన్నో ఉన్నాయి గానీ, అతడి పోటీల వివరాలను చదువుతున్నప్పుడు నాకు పదేపదే కనిపించేది ఆ చివరి పరుగు. పుట్టుకతో వచ్చిన ఒడ్డూపొడుగూ ఆ పరుగుకు అడ్డమే తప్ప సాయం కాదు. దాన్ని ఆ స్థాయికి తెచ్చింది కేవలం సాధన.

అతడు అడుగుపెట్టిన సంప్రదాయం చిన్నది కాదు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో విల్లీ హోల్డోర్ఫ్ 1500 మీటర్ల పరుగు ముగించి గీత దాటగానే కుప్పకూలాడు. ఆ పరుగుతోనే, ఆనాటి లెక్కన 7887 పాయింట్లతో, స్వర్ణం దక్కింది. కాంస్యం గెలిచిన హాన్స్-యోవాఖిమ్ వాల్డె కూడా జర్మనే. 1967లో కుర్ట్ బెండ్లిన్ ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. 1976 మాంట్రియల్‌లో గిడో క్రాట్ష్‌మర్ రజతం గెలిచి, 1980 జూన్‌లో ఆనాటి పట్టిక ప్రకారం 8649 పాయింట్లతో ప్రపంచ రికార్డు సాధించాడు. కొద్ది వారాల్లో జరగాల్సిన మాస్కో ఒలింపిక్స్‌ను పశ్చిమ జర్మనీ బహిష్కరించడంతో అతడికి ఆ అవకాశమే లేకుండా పోయింది. అక్కడ థాంప్సన్ ఆనాటి లెక్కన 8495తో స్వర్ణం గెలిచాడు. క్రాట్ష్‌మర్ గురించి రాసేవాళ్లందరూ రాజకీయం మింగేసిన స్వర్ణమని సానుభూతితో రాస్తారు, అది సమంజసమే. హింగ్‌సెన్‌కు మాత్రం అలాంటి సాకు లేదు. అతడు వెళ్లాడు, పోటీ పడ్డాడు, రెండోవాడయ్యాడు. పోటీకే వెళ్లలేకపోయినవాడికి దొరికే గౌరవం, వెళ్లి రెండో స్థానంలో నిలిచినవాడికి దొరక్కపోవడం నాకు వింతగా తోస్తుంది.

1982 నుంచి 1984 దాకా జరిగిన కథ అథ్లెటిక్స్‌లో అరుదైనది. 1982 మేలో థాంప్సన్ ఆస్ట్రియాలోని గోట్‌సిస్‌లో ఆనాటి లెక్కన 8704తో రికార్డు సాధించాడు. ఆగస్టులో ఉల్మ్ నగరంలో హింగ్‌సెన్ 8723తో దాన్ని దాటాడు. నెల తిరగకముందే ఏథెన్స్‌లో జరిగిన యూరోపియన్ చాంపియన్‌షిప్‌లో థాంప్సన్ 8743తో తిరిగి తీసుకున్నాడు. హింగ్‌సెన్ రెండు వందల పాయింట్లకు పైగా వెనకబడి రజతం అందుకున్నాడు. 1983 జూన్‌లో స్టుట్‌గార్ట్ సమీపంలోని బెర్న్‌హౌజెన్‌లో హింగ్‌సెన్ మళ్లీ రికార్డు బద్దలుకొట్టాడు. నేటి పట్టికలో అది 8825. ఆ పోటీలోనే అతడి సహచరుడు జీగ్‌ఫ్రీడ్ వెంట్స్ 8762 సాధించాడంటే ఆనాటి పశ్చిమ జర్మనీ డెకాథ్లాన్ ఎంత ఎత్తున ఉందో చూడవచ్చు. రెండు నెలల తర్వాత హెల్సింకీలో మొదటి ప్రపంచ చాంపియన్‌షిప్. అక్కడ థాంప్సన్ 8714, హింగ్‌సెన్ 8599, వెంట్స్ మూడో స్థానం. ఇక 1984 జూన్ 8, 9 తేదీల్లో మన్‌హైమ్‌లో హింగ్‌సెన్ తన జీవితంలోకెల్లా గొప్ప పోటీ ఆడాడు.

మన్‌హైమ్ అంకెలను ఒక్కొక్కటిగా చూడాలి. 100 మీటర్లు 10.70 సెకన్లు, లాంగ్ జంప్ 7.76 మీటర్లు, షాట్‌పుట్ 16.42, హైజంప్ 2.07, 400 మీటర్లు 48.05 సెకన్లు, హర్డిల్స్ 14.07, డిస్కస్ 49.36 మీటర్లు, పోల్‌వాల్ట్ 4.90, జావెలిన్ 59.86, 1500 మీటర్లు 4 నిమిషాల 19.75 సెకన్లు. నేటి పట్టికలో మొత్తం 8832. జావెలిన్ ఒక్కటి మినహాయిస్తే 800 పాయింట్లకు తక్కువైన అంశం లేదు. కొందరు డెకాథ్లాన్ క్రీడాకారులు రెండు మూడు అంశాల్లో ఆకాశానికెగసి మిగిలినవాటిలో నెట్టుకొస్తారు. మన్‌హైమ్‌లో హింగ్‌సెన్ అలా చేయలేదు. పది అంశాల్లోనూ సమంగా శ్రద్ధ పెట్టినవాడి మొత్తం అది, అందుకే నాకు ఆ పట్టీ మీద అంత గౌరవం.

రెండు నెలల తర్వాత, ఆగస్టు 8, 9 తేదీల్లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే హింగ్‌సెన్ మీద మోపే మొదటి నేరం పుట్టింది ఇక్కడే. ప్రపంచ రికార్డుతో వచ్చి, పెద్ద వేదిక మీద తడబడ్డాడన్నది ఆ ఆరోపణ. అంకెలు అలా చెప్పడం లేదు. మొదటి రోజు థాంప్సన్ 100 మీటర్లను 10.44లో పరిగెత్తి, లాంగ్ జంప్‌లో 8.01 మీటర్లు దూకి, 400 మీటర్లను 46.97లో ముగించాడు. అది తన రోజున ఉన్న మహా క్రీడాకారుడి పని, దానికి ఎదుటివాడి తడబాటుతో సంబంధం లేదు. హింగ్‌సెన్ అదే రోజు హైజంప్‌లో 2.12 దూకాడు, 400 మీటర్లను 47.69లో ముగించాడు. ఈ రెండూ మన్‌హైమ్ కన్నా మెరుగైనవే. రెండో రోజు ఉదయం హర్డిల్స్‌లో 14.29తో థాంప్సన్ కన్నా కొద్దిగా ముందే నిలిచాడు.

తర్వాత డిస్కస్. హింగ్‌సెన్ 50.82 మీటర్లు విసిరాడు. థాంప్సన్ మొదటి రెండు విసుర్లూ చప్పగా పోయాయి. రెండోది 41 మీటర్ల దగ్గరే ఆగింది. మూడో విసురు కూడా అలాగే పోయి ఉంటే, నేటి పట్టిక లెక్కన థాంప్సన్ దాదాపు వంద పాయింట్లు వెనకబడేవాడు. అప్పుడు మిగిలిన మూడు అంశాలూ హింగ్‌సెన్ ఆధిక్యంతో మొదలయ్యేవి. థాంప్సన్ మూడోసారి 46.56 విసిరాడు. ఏడు అంశాలు ముగిసేసరికి ఇద్దరి మధ్య తేడా నేటి లెక్కలో 11 పాయింట్లు. ఒకటిన్నర రోజు పోటీలో ఏడు వేర్వేరు పనులు చేశాక మిగిలిన తేడా 11 అంటే, హైజంప్‌లో ఒకటిన్నర సెంటీమీటరు కూడా కాదు. దీన్ని తడబాటు అనే మాటతో ఎలా కొట్టిపారేస్తారో నాకు అర్థం కాదు.

పోల్‌వాల్ట్‌లో హింగ్‌సెన్ 4.50 దగ్గర ఆగిపోయాడు, థాంప్సన్ 5 మీటర్లు దాటాడు. ఈ ఒక్క అంశంలో తేడా 150 పాయింట్లు. పోటీ ముగిసేసరికి థాంప్సన్ 8847, హింగ్‌సెన్ 8695. మొత్తం తేడా 152. అంటే ఆ రజతానికీ స్వర్ణానికీ మధ్య దూరం ఇంచుమించు అంతా పోల్‌వాల్ట్ మీదే పడింది. మిగిలిన తొమ్మిది అంశాలు కలిపి చూస్తే ఇద్దరూ రెండు పాయింట్ల తేడాతో సరిసమానం. అయినా నేను ఇక్కడ హింగ్‌సెన్ పక్షాన అతిగా వాదించను. అతడు మన్‌హైమ్‌లోలాగే 4.90 దాటి ఉన్నా 120 పాయింట్లు కలిసి 8815 అయ్యేది, థాంప్సన్ స్కోరుకు 32 తక్కువే. ఆ రెండు రోజులూ థాంప్సన్ మెరుగైనవాడు. ఓటమిని కాదనడం నా ఉద్దేశం కాదు. ఓడిన విధానంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదంటున్నాను. ఆ పోటీకి సోవియట్ యూనియన్, తూర్పు జర్మనీ రాలేదన్నది కూడా మరచిపోకూడదు. తూర్పు జర్మనీకి చెందిన ఊవె ఫ్రైముట్ అంతకు మూడు వారాల ముందే పోట్స్‌డామ్‌లో 8792 సాధించాడు. వచ్చినవాళ్లలో రెండు, మూడు, నాలుగు స్థానాలు మాత్రం హింగ్‌సెన్, వెంట్స్, క్రాట్ష్‌మర్‌లవే.

ఆ తర్వాత జరిగింది మైదానంలో కాదు, లెక్కల దగ్గర. లాస్ ఏంజెలెస్‌లో థాంప్సన్‌కు ఆనాటి పట్టిక ప్రకారం వచ్చింది 8797. హింగ్‌సెన్ మన్‌హైమ్ రికార్డు అదే పట్టికలో 8798. ఒక్క పాయింటు తేడాతో ప్రపంచ రికార్డు జర్మన్ దగ్గరే ఉండిపోయింది. తర్వాత ఫొటో ఫినిష్‌ను మళ్లీ పరిశీలించి, థాంప్సన్ హర్డిల్స్ కాలాన్ని 14.34 నుంచి 14.33కు సరిచేశారు. దాంతో ఇద్దరూ 8798 దగ్గర సమానమయ్యారు. ఈలోగా 1985లో కొత్త పట్టిక అమల్లోకి వచ్చింది. అందులో థాంప్సన్ స్కోరు 8847 అయితే హింగ్‌సెన్‌ది 8832 అయింది. హింగ్‌సెన్ ఏమీ కోల్పోలేదు, ఏ అంశంలోనూ ఎవరూ అతణ్ణి కొత్తగా ఓడించలేదు, అయినా రికార్డు చేతులు మారింది. పట్టిక మార్చడం తప్పని నేననను, ఒకే పద్ధతిలో అన్ని అంశాలకూ విలువ కట్టాలంటే ఎప్పుడో ఒకప్పుడు సవరణ తప్పదు. అయితే ఆ ఇద్దరూ పోటీ పడిన కాలంలో, వాళ్లకు తెలిసిన నిబంధనల ప్రకారం, ఇద్దరి అత్యుత్తమ ప్రదర్శనలూ అంకె అంకెకూ సమానమైనవి. ఈ ఒక్క వాస్తవం తెలిసినవాళ్లు, ఒకణ్ణి విజేత అనీ ఇంకొకణ్ణి ఓటమికి మారుపేరనీ రాయగలరా?

దీనికి ఎదురుగా బలమైన వాదన ఒకటుంది, దాన్ని పక్కన పెట్టి పోవడం కుదరదు. సొంత దేశంలో, తనకు అనుకూలమైన రోజున, ప్రత్యర్థి లేని పోటీలో చేసిన రికార్డు వేరు. పతకం కోసం, ఎదుటివాడి కళ్ల ముందు, నిర్ణయించిన రోజున చేసేది వేరని అంటారు. హింగ్‌సెన్ మూడు రికార్డులూ ఉల్మ్, బెర్న్‌హౌజెన్, మన్‌హైమ్‌లలో, అంటే సొంత గడ్డ మీద వచ్చినవే. థాంప్సన్ తన ఉత్తమ స్కోర్లను ఏథెన్స్‌లో, లాస్ ఏంజెలెస్‌లో పతకాల పోటీలోనే సాధించాడు. ఇది థాంప్సన్ గొప్పతనానికి తిరుగులేని సాక్ష్యం. అతడు చరిత్రలోనే అరుదైన పోటీదారు అని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఇది హింగ్‌సెన్ అసమర్థతకు సాక్ష్యం కాదు. 1986లో స్టుట్‌గార్ట్‌లో జరిగిన యూరోపియన్ చాంపియన్‌షిప్ చూడండి. సొంత ప్రేక్షకుల ముందు, ఎదురుగా థాంప్సన్ ఉండగా, హింగ్‌సెన్ 8730 సాధించాడు, వెంట్స్ 8676. థాంప్సన్ 8811తో గెలిచాడు. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి జావెలిన్ కూడా మారింది. గురుత్వ కేంద్రాన్ని ముందుకు జరిపిన కొత్త జావెలిన్ అంత దూరం పోదు. ఆ కొత్త జావెలిన్‌తోనే వచ్చిన 8730 అది. పతకాల పోటీలో ఒత్తిడికి చితికిపోయేవాడు చేసే స్కోరు కాదు.

ఇదే సంగతిని మరో విధంగా చెబుతాను. 1984లో రజతం తెచ్చిన 8695 పాయింట్లు ఆ తర్వాతి ఒలింపిక్స్‌లలో సియోల్‌లోను, 1992లో బార్సిలోనాలోను, 2000లో సిడ్నీలోను స్వర్ణం గెలిచిన స్కోర్ల కన్నా ఎక్కువ. సియోల్ విజేత స్కోరు 8488, బార్సిలోనా 8611, సిడ్నీ 8641. ఇంకో జర్మన్ ఉదాహరణ ఇంకా ముచ్చటైనది. మైంజ్‌కు చెందిన నిక్లాస్ కౌల్ 2019లో దోహాలో 21 ఏళ్లకే ప్రపంచ చాంపియన్ అయ్యాడు. మొదటి రోజు ముగిసేసరికి పదకొండో స్థానంలో ఉన్న కుర్రాడు, రెండో రోజు పోల్‌వాల్ట్‌లో 5 మీటర్లు దాటి, జావెలిన్ 79.05 మీటర్లు విసిరి, 1500 మీటర్లను 4 నిమిషాల 15.70 సెకన్లలో పరిగెత్తి అందరినీ దాటాడు. ప్రపంచ రికార్డు ఉన్న ఫ్రాన్స్ క్రీడాకారుడు కెవిన్ మేయర్ గాయంతో మధ్యలోనే తప్పుకున్నాడు. కౌల్ మొత్తం 8691. జర్మనీ అతణ్ణి ఆ ఏడాది ఉత్తమ క్రీడాకారుడిగా ఎన్నుకుంది, అది అతడికి పూర్తిగా తగిన గౌరవం. కౌల్ స్వర్ణం స్కోరుకు, లాస్ ఏంజెలెస్‌లో హింగ్‌సెన్ రజతం స్కోరుకు మధ్య తేడా నాలుగు పాయింట్లు. ఎక్కువ ఉన్నది రజతం వైపే. జావెలిన్ మారింది గనక ఈ రెండింటినీ కచ్చితంగా పక్కపక్కన పెట్టలేమని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. అయినా ఒకరిని వీరుడిగా, ఇంకొకరిని ఓడినవాడిగా విడదీసే గోడ ఎంత పలచనిదో చూడడానికి ఆ నాలుగు పాయింట్లు చాలు.

ఇక సియోల్. దీన్ని దాటవేస్తే నా వాదనకు విలువ ఉండదు. 1987 రోమ్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో హింగ్‌సెన్ పోటీ పూర్తి చేయలేకపోయాడు. థాంప్సన్ తొమ్మిదో స్థానానికి పడిపోయాడు. ఇద్దరికీ వయసు మీద పడుతున్న కాలం అది. 1988 సెప్టెంబర్ 28న సియోల్‌లో హింగ్‌సెన్ తన 100 మీటర్ల వరుసలో నిలబడ్డాడు. ఆనాటి నిబంధన ప్రకారం డెకాథ్లాన్ పరుగుల్లో ఒక్కో క్రీడాకారుడికి రెండు ఫాల్స్ స్టార్ట్‌ల దాకా మన్నింపు ఉండేది, మూడోదానికి వేటు. హింగ్‌సెన్ మూడూ చేశాడు. తప్పు పూర్తిగా అతడిదే, ఇందులో ఎవరినీ నిందించడానికి లేదు. మామూలు 100 మీటర్ల పరుగులో సెకనులో వందో వంతు పతకాన్ని నిర్ణయిస్తుంది గనక స్టార్ట్‌ను ముందే పసిగట్టాలని తెగించడంలో అర్థముంది. డెకాథ్లాన్‌లో అదే వందో వంతు సెకనుకు దక్కేది రెండు మూడు పాయింట్లు. రెండు హెచ్చరికలు పడ్డాక మూడోసారి కాస్త ఆలస్యంగా లేచినా పోయేది పది ఇరవై పాయింట్లకు మించదు. అంత చిన్న లాభం కోసం పది అంశాలనూ పణంగా పెట్టడం తెలివైన పని కాదని అనడానికి నేనేమీ సంకోచించను.

అయితే ఆ ఉదయం చేసిన తప్పు, ఆ ఉదయానికి సంబంధించిన తప్పు. అప్పటికి అతడికి 30 ఏళ్లు. అతడి రికార్డులన్నీ, రజతాలన్నీ అప్పటికే వచ్చేశాయి. సియోల్ వాటిలో ఒక్కదాన్నీ వెనక్కి తీసుకోలేదు. అయినా ఎందుకో ఆ మూడు ఫాల్స్ స్టార్ట్‌లే అతడి మొత్తం స్వభావానికి వివరణ అన్నట్టు రాయడం అలవాటైంది. ముందరి రజతాలను కూడా ఆ దృశ్యంలోంచి వెనక్కి చదివి, ఇతడు మొదటి నుంచీ ఇంతే అంటారు. ఇది కాలాన్ని తలకిందులు చేసే తర్కం. 1984లో పోల్‌వాల్ట్ గడ పట్టుకున్న మనిషికి 1988 సంగతి తెలియదు. పైగా ఆ సియోల్ పోటీలోనే పతకాన్ని ఏకైక కొలతగా పెట్టుకోవడంలోని చిక్కు కూడా ఉంది. అక్కడ స్వర్ణం గెలిచింది తూర్పు జర్మనీకి చెందిన క్రిస్టియాన్ షెంక్. హైజంప్‌లో పాత స్ట్రాడిల్ పద్ధతిలో, అంటే కడ్డీ మీదుగా బోర్లా దొర్లుతూ, 2.27 మీటర్లు దూకిన అద్భుతమైన అథ్లెట్ అతడు. నిషిద్ధ మందులు తెలిసే వాడానని 2018లో తానే ఒప్పుకున్నాడు. గాయంతో బరిలోకి దిగిన థాంప్సన్ నాలుగో స్థానంలో నిలిచాడు. ఈ మూడు ముగింపులనూ పక్కన పెట్టుకుని చూస్తే, సియోల్ డెకాథ్లాన్ ఏ ఒక్కరి జీవితాన్నైనా తూచడానికి పనికొచ్చే తక్కెడ కాదనే అనిపిస్తుంది.

మనకు, భారతీయ పాఠకులకు, ఇందులో ఒక ప్రత్యేకమైన దగ్గరితనం ఉంది. హింగ్‌సెన్ లాస్ ఏంజెలెస్‌లో మొదటి రోజు పోటీ పడుతున్న 1984 ఆగస్టు 8నే, అదే కొలీసియం మైదానంలో, పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్స్ ఫైనల్ పరిగెత్తింది. ఆమె 55.42 సెకన్లలో ముగించింది, రుమేనియా క్రీడాకారిణి 55.41తో కాంస్యం తీసుకుంది. ఉషను మనం ఓడిపోయినదానిగా గుర్తుంచుకోలేదు. నాలుగు దశాబ్దాల తర్వాత కూడా ఆ నాలుగో స్థానాన్ని మన క్రీడాచరిత్రలో ఎత్తైన చోట పెట్టుకున్నాం, ఎందుకంటే ఆ పరుగు ఎంత గొప్పదో కాలాన్ని బట్టి తెలుసుకున్నాం గానీ పతకం లేదన్నదాన్ని బట్టి కాదు. పతకాలు విరివిగా వచ్చే దేశంలో రజతం చిన్నబోతుంది, పతకమే అరుదైన చోట నాలుగో స్థానం నిలబడుతుందని కొందరు వివరిస్తారు. ఉండవచ్చు. కానీ ఉష విషయంలో మనం చూపిన న్యాయాన్ని, ఆమెతోపాటు అదే రోజు అదే మైదానంలో ఉన్న మరో క్రీడాకారుడికి మనమే చూపలేమా? అతడి పేరును సియోల్ ముచ్చటగా మాత్రమే చెప్పుకునే తెలుగు, ఇంగ్లిష్ క్రీడా వ్యాఖ్యలు చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

థాంప్సన్ గొప్పతనంలో హింగ్‌సెన్ పాలు ఎంత అన్నది కూడా అడగాల్సిన ప్రశ్న. 1980కి ముందు ఎవరూ అంతటి స్కోర్లు చేయలేదు. ఒకరు 8704 అంటే ఇంకొకరు 8723, వెంటనే 8743, మళ్లీ దానికి పైన. రెండేళ్లలో ప్రపంచ రికార్డు ఇద్దరి మధ్యే తిరుగుతూ పైకి పోయింది. వెనకనుంచి రెండు మీటర్ల మనిషి ఒకడు 11 పాయింట్ల దూరంలో ఊపిరి పీలుస్తూ ఉండకపోతే, థాంప్సన్‌కు ఆ మూడో డిస్కస్ విసురు అంత ప్రాణావసరం అయ్యేది కాదు. 1992లో అమెరికా క్రీడాకారుడు డాన్ ఓబ్రయన్ 8891 చేసేదాకా 8847 నిలిచింది. ఆ ఎనిమిదేళ్ల రికార్డును తయారుచేసినవాడు థాంప్సన్, తయారుచేయించినవాడు హింగ్‌సెన్.

జర్మనీలో 8832 ఇంకా ఎక్కువ కాలం నిలిచింది. 1996 అట్లాంటాలో ఫ్రాంక్ బూజెమాన్ 21 ఏళ్లకు 8706తో రజతం గెలిచి దేశాన్ని మురిపించాడు. 2013లో మిషాయెల్ ష్రాడర్ 8670తో ప్రపంచ రజతం సాధించాడు. పోట్స్‌డామ్‌లో 8792 చేసిన ఊవె ఫ్రైముట్ కొడుకు రికో ఫ్రైముట్ 2017లో మరో ప్రపంచ రజతం తెచ్చాడు. దేశం ఏకమైంది, శిక్షణ పద్ధతులు మారాయి, ట్రాకులు, బూట్లు, గడలు మారాయి. ఎవరూ 8832 దాటలేదు. చివరికి 2023 జూన్‌లో, టెక్సాస్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లియో నాయ్‌గెబావర్ ఆస్టిన్‌లో 8836 సాధించాడు. 39 ఏళ్ల తర్వాత, నాలుగే నాలుగు పాయింట్లతో. డిస్కస్‌ను 55 మీటర్లు దాటించిన నాయ్‌గెబావర్, 1500 మీటర్లలో మన్‌హైమ్‌నాటి హింగ్‌సెన్ కన్నా దాదాపు అర నిమిషం వెనక ఉన్నాడు.

మరుసటి ఏడాది నాయ్‌గెబావర్ కథ సరిగ్గా నలభై ఏళ్ల నాటి దారిలోనే నడిచింది. 2024 జూన్‌లో యూజీన్‌లో 8961 చేసి, ఆ ఏడాది ప్రపంచంలో అందరికన్నా ముందు నిలిచాడు. ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో 8748తో రజతం దగ్గర ఆగాడు. నార్వేకు చెందిన మార్కుస్ రూత్ 8796తో స్వర్ణం గెలిచాడు. జూన్‌లో శిఖరం, ఆగస్టులో రెండో మెట్టు, 1984లో హింగ్‌సెన్‌కు జరిగింది ఇదే. నాయ్‌గెబావర్‌ను పెద్ద వేదిక మీద నిలవలేనివాడని ఎవరైనా అనేలోపే, 2025 సెప్టెంబర్‌లో టోక్యోలో అతడు ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ స్వర్ణం తెచ్చిన స్కోరు 8804. మన్‌హైమ్ స్కోరుకు అది 28 తక్కువ.